పెన్నుకి మూత

అన్ని దేశాల జెండాలూ ఎగిరే ఆ ఆఫీసులో ఉద్యోగుల తరఫు లాయరమ్మకి కిటికీ పక్క కుర్చీయే లోకం. ఎవరొచ్చినా పెన్నుకి మూత పెట్టి, చెప్పులు విడిచి, కళ్లు సగం మూసుకుని కూర్చుంటుంది. జెండాల నీడలు ఆమె ఒళ్లో చేపల్లా ఈదుతుంటాయి. ఆ రోజు, కాంట్రాక్టు పొడిగించకుండా ఇంటికి పంపేసిన ముసలి డ్రైవరు వచ్చాడు.

"రోడ్డవతలే కోర్టుంది కదమ్మా, అక్కడ కేసేద్దాం."

"ఈ ఆఫీసు అన్ని దేశాలదీ బాబాయ్. ఆ కోర్టు మాట మన గేటు బయటే చెల్లుతుంది. మన కేసులు చూసే ట్రిబ్యునల్ సముద్రం అవతలుంది."

"నా గోడు వినడానికి అక్కడికి పిలుస్తారా?"

"పిలవరు. కాగితాలు చదివి తీర్పిస్తారు."

అతను ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత, మొదటిరోజు తుడిచిన కారు అద్దం దగ్గర మొదలుపెట్టి పొద్దు వాలేదాకా చెప్పాడు. ఆమె కదల్లేదు.

"ఒక్క ముక్కా రాసుకోలేదేంటమ్మా?"

"రేపు రాస్తాను బాబాయ్. ముందు ఒక్కరైనా వినాలి కదా."