మెలెనైటె వేసిన పలచటి పూత

డునెడిన్‌లోని దంతవైద్య ప్రయోగశాలలో మెలెనైటె చేరింది గాజు గిన్నెలు కడగడానికి. ఆరేళ్ళు తిరిగేసరికి టైటానియం మరలకు పూత వేసే పని కూడా ఆమె నెత్తినే పడింది. జీతం మాత్రం గిన్నెలు కడిగే మనిషిదే.

ఊడిన పంటికి వేరులా దవడలో దిగేవి ఆ మరలు. ఉత్త టైటానియాన్ని ఎముక పట్టుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి అసలు పట్టదు. అందుకని ఎముకలో ఉండే ఖనిజం లాంటి పింగాణీని, వెంట్రుక మందంలో వెయ్యో వంతుగా, దాని మీద పూస్తారు. మరను ద్రవంలో ముంచి, పైకి లాగి, ఆరబెట్టి, కొలిమిలో కాల్చాలి. కిటుకంతా ఆ లాగడంలోనే ఉంది.

మరను పైకి లాగే మోటారు పాడైన రోజుల్లో మెలెనైటె చేత్తోనే పిడి తిప్పేది. టోంగా దీవుల వాళ్ళ చర్చి బృందంలో పాడే మనిషి. ఒక కీర్తన పూర్తయ్యేసరికి మర ద్రవంలోంచి బయటపడాలి, అదీ ఆమె లెక్క. అలా వేసిన పూత ఒక్కటీ రాలలేదు.

తర్వాత కొత్త మోటారు వచ్చింది, దాంతోపాటు లాక్లన్ అనే కుర్ర శాస్త్రవేత్తా వచ్చాడు. ఎంత వేగంగా లాగితే ద్రవం అంత మందంగా అంటుకుంటుంది. పూత మందంగా ఉంటే గట్టిగా ఉంటుందనుకుని వేగం మూడింతలు పెంచాడు. పరీక్షకు మాంసం కొట్టు నుంచి ఎద్దు ఎముక తెచ్చి, అందులో మరను బిగించి, విప్పి చూశారు. సూక్ష్మదర్శినిలో పూతంతా పెచ్చులు. రెండోసారీ అంతే. శుక్రవారం మూడో పరీక్ష. అదీ పోతే, దక్షిణ డునెడిన్ నుంచి ఎంచిన పన్నెండు మందికి ఉచితంగా పళ్ళు పెట్టే ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది.

ఆ పన్నెండు మందిలో నాలుగో పేరు లవీనియాది, మెలెనైటె మేనత్త. మాంసం కర్మాగారంలో ముప్పై ఏళ్ళు గొర్రెపిల్లల మాంసం కోసి ఓడలకెక్కించిన మనిషి, ఇప్పుడు చిలగడదుంప కూడా మెదిపి తింటోంది. ఈ దేశంలో కాలు విరిగితే ప్రభుత్వం చూస్తుంది. పద్దెనిమిదేళ్ళు దాటాక పళ్ళు మాత్రం ఎవరికి వారే చూసుకోవాలి. నోరు మనిషి ఒంట్లో భాగం కాదని ఎవరు తేల్చారో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

బుధవారం మెలెనైటె లాక్లన్ బల్ల దగ్గరికెళ్ళి నిలబడింది.

"వేగం తగ్గించు."

"తగ్గిస్తే పూత పలచబడిపోతుంది కదా."

"పలచబడాలనే చెప్తున్నా. మందంగా మెత్తిన బురద ఎండితే బీటలేస్తుంది."

"ఇది బురద కాదు మెలెనైటె, మూడేళ్ళ పరిశోధన."

"మూడేళ్ళ బురదైనా బీటలేస్తుంది."

అతనికి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. చివరికి సగం మరలు ఆమె చేతికిచ్చాడు. గురువారం ఆమె మోటారు ఊడదీసి, పిడి పట్టుకుని, గొంతు సవరించుకుంది. లాక్లన్ గడియారం పట్టుకుని పక్కనే నిలుచున్నాడు. మర ఇంకా సగమే పైకొచ్చింది. ఇంకో చరణం ఉందా అని అడిగాడు.

"రెండున్నాయి. కూర్చో."

శుక్రవారం మోటారు లాగిన మరలు మళ్ళీ పెచ్చులూడాయి. ఆమె లాగినవి ఎముకలోకి ఎలా వెళ్ళాయో అలాగే బయటికొచ్చాయి. లాక్లన్ ఒక్కో మరనూ సూక్ష్మదర్శినిలో రెండేసి సార్లు చూశాడు. తర్వాత అందరి ముందూ తప్పు తనదేనని చెప్పి, నివేదికలో ఆమె పేరు రాశాడు. ఆమె హోదా పెంచమని కాగితం కూడా పెట్టాడు. ఆ కాగితం మాత్రం ఆ పిడి కన్నా నెమ్మదిగా కదులుతోంది.

తర్వాతి నెల లవీనియా అంగీకార పత్రం చేతిలో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది. డాక్టరమ్మ కలం అందించింది. లవీనియా తీసుకోకుండా పక్కనున్న లాక్లన్ వైపు తిరిగింది.

"బాబూ, ఇది బాగా కుదిరిందనుకో, ఆ తర్వాత ఎవరికి పెడతారు? డబ్బున్నోళ్ళకా, మా వీధి వాళ్ళకా?"

అది తేల్చేది పైవాళ్ళని లాక్లన్ చెప్పాడు.

"అయితే ప్రశ్న రాయి. కాగితం మీద ఉంటే పైవాళ్ళు ఎవరో ఒకరు చదవాల్సొస్తుంది."

మెలెనైటె అత్త భుజం మీద చెయ్యేసి, నవ్వాపుకుంటూ, అతని వైపు చూసింది. లాక్లన్ పత్రం చివర ఉన్న ఖాళీలో ఆ ప్రశ్న పూర్తిగా రాశాడు. లవీనియా ఒకసారి చదివి, "వీధి" పక్కన తన వీధి పేరు చేర్పించి, సంతకం పెట్టి, నోరు తెరిచింది.