నడి గోదాట్లో కాళ్ళు కడుక్కున్న ఫోటో

నా చిన్నప్పుడు గోదావరిలో కలిసిపోయిన మా ఊరిని, మొన్న మా మనవరాలి బడిలో, అసలు ఊరే కాదు పొమ్మన్నారు. మా పిల్ల తీసిన ఫోటోని ప్రదర్శన తాడు మీంచి దించి బల్ల మీద బోర్లా పెట్టారు. అన్యాయం అంటే ఇదీ. తక్కినదంతా దీని తర్వాతే.

మాది వశిష్ఠ గోదావరి మధ్యలో ఉండే లంక. వరద వచ్చినప్పుడల్లా గట్టు విరిగి, ముందు కొబ్బరితోట, ఆ తర్వాత బడి, చివరికి మా ఇల్లు నీళ్ళపాలయ్యాయి. నా చదువు మూడో తరగతి దగ్గర ఆగిందంటే నా బద్ధకం వల్ల కాదు, బడే వెళ్ళిపోయింది. అటుపైన పకోడీ పొట్లం కాగితం దగ్గర్నుంచి పంచాంగం దాకా దొరికినదల్లా చదివి నాకు నేనే మాస్టారినయ్యాను. అందుకే మాస్టార్లతో వాదనంటే నాకు జంకు లేదు.

ఊరు పోయిన మరుసటి ఏడాది ఒకరోజు మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, నన్ను వెంటబెట్టుకుని అవతలి ఒడ్డున చుట్టాలింటికి బయల్దేరింది. పడవ నిండా మా లంకవాళ్ళే. ఇవతలి గట్టున మిల్లు గొట్టానికీ అవతలి ఒడ్డున గుడి శిఖరానికీ సరిగ్గా మధ్యకు వచ్చేసరికి మామ్మ అంచు మీంచి వంగి, దోసెడు నీళ్ళు తీసి తన కాళ్ళ మీద పోసుకుంది. తర్వాత నా కాళ్ళ మీద పోసింది. నాకు నవ్వొచ్చింది.

"ఇక్కడేముందే మామ్మా, నీళ్ళేగా!"

"మన వాకిట్లోకొచ్చేం రా. ఇల్లు పోతే పోయింది, ఇంటికొచ్చినప్పుడు కాళ్ళు కడుక్కోవడం కూడా పోవాలేంట్రా వెధవా?"

పడవంతా గొల్లున నవ్వింది. కానీ నవ్వుతూనే అందరూ చేతులు నీళ్ళలో ముంచడం మొదలుపెట్టారు. అందరూ ఒక్కసారి కాదు. ఎవరి వాకిలి వచ్చినప్పుడు వాళ్ళు. కాస్త ముందుకు పోగానే పక్కింటి అత్త, ఇంకాస్త పోయాక మూలింటి తాత. ఆ వరస చూస్తున్నకొద్దీ నాకు ఒళ్ళు పులకరించింది. ఇదిగో మా అరుగు, ఇదిగో అత్తావాళ్ళ గుమ్మం, ఇక్కడే వీధి మలుపు! పోయిందనుకున్న వీధి ఆ నీళ్ళ మీద, ఆ చేతుల వెంట, మళ్ళీ పరుచుకుంటూ పోయింది. "మామ్మా, ఇప్పుడు కంసాలివాళ్ళ ఇల్లు!" అని నేనే అరవబోతే, అప్పటికే కంసాలాయన వంగి ఉన్నాడు.

ఇక మొన్నటి సంగతి. రాజోలు దగ్గర మా మనవరాలు చదివే బడిలో ఒక స్టూడియో ఆయన పాత రీలు కెమెరాలు కొన్ని పిల్లలకు అరువిచ్చాడు. మీ ఊరంటే మీకేమిటో ఫోటోలో చూపించండి, వరండాలో తాళ్ళకు తగిలించి అందరికీ చూపిద్దాం అని మాస్టార్లు అన్నారట. అంతే, పిల్లలు ఊళ్ళో ఎవ్వరినీ కుదురుగా నిలబడనిస్తే ఒట్టు. ఎవడో కుర్రాడు కొబ్బరిచెట్టెక్కి పైనుంచి కాలవని తీశాడు. ఒక పిల్ల, వాళ్ళమ్మ ఎస్టీడీ కొట్టులో, కువైట్‌లో ఉన్న వాళ్ళ నాన్న చేసిన ఫోను చెవికి ఆనించుకుని సిగ్గుపడుతుంటే తీసి, ఇదే మా ఊరంది. చూడండి, ఎంత బుర్ర!

మా పిల్ల మాత్రం మొహం వేలాడేసుకుని, లంక పోయాక మాకు ఇళ్ళిచ్చిన కాలనీకి తిరిగొచ్చింది. "మీది గట్టు పక్క కాలనీయేగా, మీకు ఊరెక్కడిది" అని తోటిపిల్లలు ఏడిపించారట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆదివారం దాన్ని పడవెక్కించాను. మా లంకవాళ్ళం కొద్దిమందిమే మిగిలాం, కానీ ఆ రోజు అందరినీ పోగుచేశాను. ఇంజను మెల్లిగా పోనివ్వమని సరంగుని బతిమాలాను. దాని రీల్లో మిగిలింది ఒక్కటే ఫోటో.

"ఇప్పుడా తాతయ్యా? ఇప్పుడా?"

"ఉండవే, తొందరపడకు! నేను కడిగేసుకున్నాను. అదిగో, పక్కింటి వదిన వంగుతోంది... కొట్టు!"

కెమెరా టిక్కుమంది. పడవ ఊగింది. నేను దాని నడుం పట్టుకోకపోతే కెమెరాతో సహా ఊళ్ళోకి వెళ్ళిపోయేది. రీలు కడిగి వచ్చేదాకా మా ఇద్దరికీ అన్నం సయించలేదు. వచ్చాక చూస్తే, అబ్బ! పడవ అంచున నా తడి పాదాలు, నీళ్ళలో వదిన చెయ్యి, వెనక తన వంతు కోసం చూస్తున్న, అప్పటి కంసాలాయన కొడుకు. చుట్టూ గోదావరి.

అలాంటి ఫోటోని బోర్లా పెట్టారు! మర్నాడు పొద్దున్నే పంచె ఎగ్గట్టి వెళ్ళాను. డ్రాయింగు మాస్టారు వరండాలో తాళ్ళు బిగిస్తున్నారు. మర్యాదస్తుడే, కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు.

"చూడ్డానికొచ్చేవాళ్ళకి ఊరు కనపడాలి కదండీ బాబాయిగారూ. ఇందులో పడవ, నీళ్ళు తప్ప ఇంకేం లేవండీ."

"మరి టెలిఫోను పట్టుకున్న ఆవిడలో కనపడిందేమిటండీ మీకు ఊరు?"

"ఆయ్, అదంటే... ఆ కొట్టు ఊళ్ళోనే ఉంది కదండీ."

నేను గొంతు పెంచబోయాను. ఈలోగా మా పిల్ల నన్ను దాటుకుని ముందుకొచ్చింది. బల్ల మీద బోర్లా ఉన్న ఫోటోని తిప్పి మాస్టారి ముందుకు జరిపింది.

"మాస్టారూ, ఇంటికెళ్ళగానే మీరు ముందు ఏం చేస్తారండీ?"

"కాళ్ళు కడుక్కుంటానమ్మా."

"వీళ్ళూ అంతేనండీ. ఈ తడి కాళ్ళు మా తాతయ్యవండీ, పడవ మా ఇల్లు దాటేసిందండీ. ఈ చెయ్యి పక్కింటి మామ్మదండీ, ఇప్పుడు వాళ్ళ గుమ్మంలో ఉందండీ. ఈయన ఇల్లు తర్వాతదండీ. అందుకే ఇంకా కడుక్కోలేదండీ."

మాస్టారు ఫోటో చేతిలోకి తీసుకున్నారు. కళ్ళజోడు పైకి నెట్టి, వేలితో ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి మెల్లిగా జరుపుకుంటూ వెళ్ళారు. వీధిలో నడిచినట్టే నడిచారు.

ఆ రోజు మామ్మ నా కాళ్ళ మీద పోసిన దోసెడు నీళ్ళు ఇంకా ఆరలేదనిపిస్తుంది నాకు. ఇల్లు పోవడం గోదారి చేతిలో పని, ఇంటికి రావడం మాత్రం మన చేతిలో పని. ఆ ఒక్కటీ పట్టుకుని ఇన్నాళ్ళూ ఎందరితోనో పోట్లాడాను. "ఆ లంక ఎప్పుడో పోయింది కదండీ" అనడమే గానీ, మరోమాట ఎవరూ అనలేదు. మాస్టారు ఫోటోని మళ్ళీ తాడుకు తగిలించి, దాని కింద అతికించడానికి ఒక తెల్లకాగితం ముక్క కత్తిరించి, స్కెచ్ పెన్ను మూత తీసి నావైపు తిరిగారు.

"ఊరి పేరు చెప్పండి బాబాయిగారూ, రాస్తాను."