పిడికిలి పట్టే సందు

మా మామ పోయిన సంగతి నా ఫోనుకు ముందుగా ఆఫీసు మెసేజీగా వచ్చింది. అందులో ఆయన ఊసు లేదు. "వెనక గేటు ఈ పూట మూసి ఉంటుంది. దయచేసి ముందు గేటు వాడగలరు. అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని మాత్రం ఉంది. చాయ్ బండి వెనక గేటు దగ్గరే కాబట్టి నా పక్క సీటు అమ్మాయి విసుక్కుంది. కాసేపటికి అత్త ఫోను చేసింది. ఏడవలేదు. "మీ ఆఫీసు ఎనకనేనంట. జర కిందికి దిగి చూడు బిడ్డా, మీ మామనేనా" అంది.

లిఫ్టు దిగి వెళ్లాను. మామే.

అమ్మకు తమ్ముడు. నానక్‌రామ్‌గూడలో పుట్టి, అక్కడే పికప్ బండి నడిపి, అక్కడే పోయాడు. కరెంటు పోయినా కంప్యూటర్లు ఆరిపోకుండా ఆఫీసుల్లో పెద్ద బ్యాటరీలుంటాయి కదా, పాతబడ్డవి పట్టుకెళ్లడం, కొత్తవి తేవడం ఆయన పని. చూడటానికి చిన్న డబ్బాలు, ఎత్తితే రాళ్లు. ట్రాలీ సగం ఖాళీగా కనిపిస్తుండగానే బండి మోయగలిగినంత బరువూ ఎక్కేసి ఉంటుంది. ఆ సంగతి ఎక్కించేవాళ్ల కంటికి ఆనదు.

వెనక చక్రాల మీద బండి బరువును మోసే ఇనుప పట్టీల కట్టను కమాన్ కట్ట అంటారు. విల్లులా వంచిన పట్టీలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. బరువు పడేకొద్దీ ఆ విల్లు చదునవుతుంది. లోడు ఎక్కుతున్నంతసేపూ మామ ఊరికే నిలబడేవాడు కాదు. మధ్యమధ్యలో బండి వెనక గొంతుక్కూర్చుని, ఇరుసుకూ దాని పైనుండే రబ్బరు దిమ్మకూ మధ్య సందులో పిడికిలి దూర్చేవాడు. పట్టిందా, ఇంకో బ్యాటరీ. పట్టలేదా, ట్రాలీ తలుపు మూసేసేవాడు.

"ఇంకా సగం ఖాళీయే కదయ్యా" అనేవాడు మా క్యాంపస్ సూపర్‌వైజరు.

"జాగ ఉంది సార్. బండికే శాతగాదు."

"బండి చెప్పిందా నీకు?"

"చెప్పింది. దాని నోరు ఎనక ఉంటది సార్. వంగి చూడున్రి."

ఆయన వంగేవాడు కాదు. ఇస్త్రీ చెడుతుంది.

నేను ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మామ నన్ను బండెక్కించుకుని ఒకసారి బాలానగర్ వెళ్లాడు. కాలు ఒకచోట నిలవని పిల్లను కదా, ఎక్కడికి పోతున్నా నేనూ వస్తానని తయారయ్యేదాన్ని. అప్పటికి కమాన్ పట్టీలు అరిగి, వంపు చచ్చిపోయి, ఖాళీ బండి కూడా అలసిపోయిన మనిషిలా వెనక్కి కూలబడి ఉండేది. అక్కడి ఉస్తాద్ కట్ట విప్పి, ఒక్కో పట్టీనీ కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి వంపు తెచ్చి, నూనెలో ముంచుతున్నాడు. పొగకు నా కళ్లు మండుతున్నాయి.

"ఇంకో పట్టీ ఎక్కిద్దామా భాయ్? డబల్ మోస్తది" అన్నాడు ఉస్తాద్.

"వద్దు. ఉన్నయి ఉన్నట్టు చెయ్."

"అందరు ఎక్కిస్తున్రు. నీ ఒక్కనికే ఏం రోగం?"

"ఎక్కిస్తే బండి కుంగది ఉస్తాద్. కుంగకపోతే ఎక్కించేటోళ్లు ఆపరు."

ఉస్తాద్ సుత్తి దించి నా వైపు చూశాడు. "మీ మామ బండికి కాదమ్మా, వాళ్లకు బ్రేకులేయిస్తుండు" అన్నాడు.

తిరుగుదారిలో మామ అడిగాడు: "రేపు మీ కంప్యూటర్ నౌకరీల ఎవ్వడు కుంగుతుండో ఎట్ల తెలుస్తదే?" అప్పుడు నాకు నౌకరీయే లేదు, నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడైతే జవాబు ఉంది. తెలియదు మామా. కుర్చీ ఖాళీ అయ్యాక తెలుస్తుంది.

ఆదివారం పొద్దున్నే ఆయన బండి కింద చాప పరుచుకునేవాడు. పట్టీల మధ్య మట్టిని కిరోసిన్‌తో కడిగి, పాత చాకుతో గ్రీజు పూసేవాడు. "నా నడుముకు ఇంత నూనె రాసినవా ఎన్నడన్న?" అని అత్త వాకిట్లోంచి అడిగేది. "నువ్వు చప్పుడు చేస్తనే ఉంటవ్ గదనే, నీకేం ఫికర్ లేదు" అని బండి కిందినుంచి జవాబు. బండి కిందికి వెళ్లే ముందు, అది మీద పడకుండా ఎప్పుడూ రెండు చెక్క దిమ్మలు ఆనించేవాడు. అవి పెట్టాక భుజంతో బండిని ఓసారి గట్టిగా నెట్టి చూసేవాడు. ఖాళీ బండి అయినా సరే.

ఈ చలికాలం నుంచి పట్టీలు మళ్లీ అరిగాయి. బాలానగర్ పోయి చేయించుకొస్తానని, ఒక్కరోజు విడవమని అడుగుతూనే ఉన్నాడు. ముందు ఆడిట్ కానియ్ అన్నారు క్యాంపస్ వాళ్లు. ఆడిట్ అయ్యాక, బయటి దేశం వాళ్లు వచ్చి వెళ్లనీ అన్నారు. చాయ్ బండి దగ్గర నాతో అన్నాడు, "మీ సార్లకు జర చెప్పరాదే" అని. చెప్పాను. మెయిలు కూడా పెట్టాను. 'నోటెడ్' అని జవాబొచ్చింది.

ఆ రోజు జరిగింది మామతో ఉన్న హమాలీ మాకు చెప్పాడు. సగం కాకుండానే సందులో పిడికిలి పట్టలేదు. మామ తలుపు మూయబోయాడు. "మధ్యాహ్నం విజిట్ ఉంది. పాత బ్యాటరీ ఒక్కటి కూడా కనిపించకూడదు. నీకు కాదంటే రేపటి నుంచి వేరే బండిని పిలుస్తా" అన్నాడు సూపర్‌వైజరు. మామ ఆ తలుపు మూయలేదు. అన్నీ ఎక్కాయి. గేటు దగ్గర ఎత్తు ఎక్కుతుంటే ఎడమ పక్క పెద్ద పట్టీ విరిగింది.

ఇరుసుకూ బండికీ మధ్య ఒక దిమ్మ ఇరికించి కట్టేస్తే, ఖాళీ బండిని మెల్లగా బాలానగర్ దాకా నడపొచ్చు. అందుకే, "లోడు దించుకుంట సార్, మళ్ల నేనే ఎత్తుకుంట" అన్నాడట.

"ఈ టైల్స్ మీద యాసిడ్ డబ్బాలా? దించొద్దు. ఎట్లా లేపుతావో లేపి, తీసుకుపో."

లోడుతోనే జాకీ ఎక్కించాడు. ఆ తర్వాతిది రాయలేను.

క్యాంపస్ వాళ్ల రిపోర్టు అత్త దగ్గరికి వచ్చింది. నన్నే చదవమంది. 'దిమ్మలు పెట్టకుండా వాహనం కిందికి వెళ్లిన డ్రైవరు నిర్లక్ష్యం' అని ఉంది.

"నిర్లక్ష్యమంటే?"

"సోయి లేకుంట చేసిండని, అత్తా."

అత్త ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచింది. "చావంటే వచ్చింది, ఏం చేస్తం. గా మాట ఎందుకు రాసిన్రు? నువ్వు చూసినవ్ గద బిడ్డా. చెప్పరాదు వాళ్లకు?"

చూశాను. నేను దిగి వెళ్లేసరికి ఆయన చేతిలో దిమ్మ ఉంది. సగం లోపలికి తోసి ఉంది. రిపోర్టులో ఆ చెయ్యి లేదు, దించనివ్వని లోడూ లేదు. మళ్లీ మెయిలు పెట్టాను. ఈసారి 'నోటెడ్' కూడా రాలేదు. ఇది చదివేవాళ్లలో ఆ వెనక గేటు దగ్గర చాయ్ తాగేవాళ్లుంటారు, ఆ రోజు చుట్టూ తిరిగి వెళ్లినవాళ్లుంటారు. మీకైనా తెలియాలి. ఆయనకు సోయి ఉంది. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ ఉంది.

విజిట్ సమయానికి గేటు దగ్గర కడిగేశారు. పూలకుండీలు కూడా పెట్టారట. కానీ జాకీ నిలబెట్టిన చోట టైల్స్ కిందికి దిగిపోయి ఉన్నాయి, అది ఎవరూ చూసుకోలేదు. ఖాళీ బండి కింద జాకీ అంత లోతుకు దిగదు.

నిన్న వాన పడింది. వెనక గేటు నుంచే వెళ్లాను. ఆ గుంటలో నీళ్లు నిలిచాయి. ఐడీ కార్డు తడవకుండా పట్టుకుని ఒకతను వచ్చాడు, నీళ్లు చూసి పక్కనుంచి అడుగేసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. నేను గొంతుక్కూర్చుని చెయ్యి పెట్టాను. పిడికిలి పట్టింది.