రాజు పద్యానికి శ్రుతి

హార్మోనియం పెట్టె మోసి మోసి నా కుడి భుజం వంగిపోయిందని ఇంట్లో అంటారు. పెట్టె బరువు ఏపాటిది? నేను మోస్తున్నది వేరే ఉంది. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకూ చెప్పలేదు. నమాజులో తల వంచినప్పుడు కూడా దాన్ని పక్కకు నెట్టి వేరేవి అడుక్కున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు.

మాది వనపర్తి. పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాణ్ణి. మా బృందంలో రాజు వేషం ఎప్పుడూ పటేల్‌దే. ఆయన రాజోలి దగ్గరి రైతు. పొద్దంతా వేరుశనగ చేలో ఉండి, నాటకం ఉన్న రోజు మట్టి కాళ్లు కడుక్కుని కిరీటం పెట్టుకునేవాడు. మేము ఎక్కువగా ఆడింది ఒకటే నాటకం, పాతకాలపు రాజుల కథ. ముసలిరాజు నమ్మిన సేనాపతి శత్రువుకు కోట తలుపు తీస్తాడు. అందరూ వదిలేసి పోతారు. మంత్రి ఒక్కడే రాజు పక్కన నిలబడి చస్తాడు. ఆఖరికి రాజు మంత్రి తలను ఒడిలో పెట్టుకుని పద్యం పాడతాడు. ఆ పద్యానికి ఏడవని ఊరు లేదు. సేనాపతి వేషం వేసినవాడిని మరునాడు హోటల్లో జనం నిజంగానే తిట్టిపోసేవారు. మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం.

వయసు మీద పడ్డాక పటేల్ గొంతు దిగసాగింది. ఆ సంగతి ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పద్యం ఎత్తుకునే ముందు స్వరం అందించేది హార్మోనియమే. అది ఏ శ్రుతిలో అందిస్తే నటుడు ఆ శ్రుతిలోనే పాడాలి. నేను గుట్టుగా కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చాను. పటేల్ గొంతు చెక్కుచెదరలేదని జనం మెచ్చుకునేవారు. ఆయన నావైపు చూసి చిన్నగా తల ఊపేవాడు. నాకు అది చాలనుకున్నాను. నిజంగా చాలిందా? చాలి ఉంటే ఇవాళ ఇది రాసే పని ఉండేది కాదు.

ఒకసారి కోడేరులో ఆయనకు శాలువా కప్పారు. ఈ వయసులో ఇంత గొంతు ఎట్లా నిలిచిందని ఎవరో మైకులో అడిగారు. ఆయన మంచి హుషారులో ఉన్నాడు. దేవుడిచ్చిన గొంతన్నాడు, పక్కన పెట్టె లేకున్నా పాడతానన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సంబరంలో అన్న మాటే గానీ, అందులో నన్ను తక్కువ చేసే ఉద్దేశం లేదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. అయినా ఆ మాటను ఇంటికి తెచ్చుకుని, పడుకున్నా లేచినా దాన్నే నెమరేస్తూ, నేను లేకపోతే ఈయనెంత అని పళ్లు నూరుకుంటూ గడిపాను.

ఆ తర్వాత గద్వాలలో నాటక పోటీలు జరిగాయి. రేకుల షెడ్డు, మిట్టమధ్యాహ్నం. మొదటి పద్యాలన్నిటికీ ఎప్పటిలాగే శ్రుతి తగ్గించి అందించాను. చివరి పద్యం వచ్చింది. మంత్రి తల ఆయన ఒడిలో ఉంది. నా వేళ్లు రెండు మెట్లు పైకి జరిగాయి. జరిగాయి అంటున్నాను చూడండి, వేళ్లకు వేరే బుద్ధి ఉన్నట్టు. నేనే జరిపాను. పడుచుతనంలో ఆయన పాడిన శ్రుతి అది.

ఆయన ఒక్క క్షణం నావైపు చూశాడు. ఆపడానికి లేదు కదా, ఎత్తుకున్నాడు. రెండో పాదంలో గొంతు పగిలింది. మూడో పాదంలో గాలి తప్ప ఏమీ రాలేదు. వెనకనుంచి ఈలలు వేశారు. ఎవరో ఫోన్లో తీశారు. మరునాటికల్లా అది నవ్వే బొమ్మలతో సహా ఊరూరా తిరిగింది. కొంచెం తడబడితే చాలు, పెట్టె విలువ తెలిసొస్తుంది అనుకున్నాను. ఇంతగా కూలిపోతాడనుకోలేదు. ఇది కూడా సాకేనా? సాకే.

కొన్నాళ్లకు ఆయన ఇంటికి వెళ్లాను. తిడితే ఒప్పుకుందామని వెళ్లాను.

“రా భాయ్, కూసో. ఒక మాట అడుగుత, నిజం జెప్పాలె.”

“అడుగు పటేలా.”

“ఆ దినం శ్రుతి ఎక్కువున్నట్టు ఇనబడ్డది నాకు. నువ్వు గట్ల జెయ్యవు. ఇన్నేండ్లల్ల ఒక్కపారి గూడ జెయ్యలే. అంటే నా చెవులు గూడ పోయినయా ఏంది?”

నన్ను అనుమానించడం చేతగాక ఆయన తన చెవిని అనుమానించాడు. ఒప్పుకోవడానికి అంతకన్నా అదను ఎవరికైనా దొరుకుతుందా? నోరు తెరిచాను.

“అవ్ పటేలా. శ్రుతి ఎప్పటి లెక్కనే ఇచ్చిన. వయసైంది గద, చెవులు గట్లనే జేస్తయి.”

“గంతేనంటవా. సరె. నువ్వు పరేషాన్ గాకు. గొంతు పట్టిందని అందరికి జెప్పిన.”

గొంతు పోయినవాడు కనీసం కూనిరాగమైనా తీస్తాడు. చెవే పోయిందని నమ్మినవాడు ఏం పాడతాడు? ఆయన మళ్లీ పాడలేదు. బృందం ఇంకొకరికి కిరీటం పెట్టింది. ఆ కొత్త రాజుకూ నేనే వాయించాను. పటేల్ దగ్గరికి మాత్రం పోవడం మానలేదు. పండగకో పబ్బానికో పోయేవాణ్ణి, కాసేపు కూర్చుని వానల గురించి మాట్లాడి వచ్చేవాణ్ణి. ప్రతిసారీ చెప్పాలనే పోయేవాణ్ణి.

మొన్న ఎండాకాలంలో ఆయన పోయాడు. మనవరాలిని ఊయల ఊపేటప్పుడు కూడా పాడలేదట, పిల్లకు తప్పు రాగం అలవాటవుతుందని. ఆయన భార్య చెప్పింది. చెప్పి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, “అందరు మర్సిపోయిన్రు భాయ్. నువ్వొక్కనివే ఆఖరి దాంక ఇడిసిపెట్టలే” అంది. నేను తల ఊపాను. అవును, ఊపాను.

ఆమెకు ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఉన్న కాస్త ఊరటా పోతుంది అని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. అసలు సంగతి, నాకు భయం. క్షమించమని ఎవరినీ అడగడం లేదు, అడగాల్సిన మనిషి లేడు. ఆయన అడిగిన రోజు నేను చెప్పాల్సిన జవాబు ఒకటి ఉంది. దాన్ని ఒక్కసారైనా నా నుంచి బయటికి పంపాలనే మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టాను.

నీ చెవులు మంచిగనే ఉన్నయి పటేలా. శ్రుతి నేనే పెంచిన.