పొగ పోయేదాకా

మొక్కజొన్న కంకులు కాల్చే బండి దగ్గర బొగ్గు పొగ తగిలితే, నా చిన్నప్పుడు బొగ్గుగనుల బాబుపేట్‌లో ఉన్న మా అమ్మ గుర్తొస్తుంది. అప్పటికి మా గని కార్మికుల ఇళ్లకు గ్యాస్ రాలేదు. సిగ్డిని, అంటే బొగ్గుల కుంపటిని, వాకిట్లో అంటించి, పొగంతా పోయాకే లోపలికి తెచ్చుకునేవాళ్లం.

నల్లా దగ్గర కొట్లాటయ్యి, పక్కింటి రాజవ్వతో అమ్మకు ఏడాదిగా మాటల్లేవు. రాజవ్వ భర్తకు గనిలో కాలు విరిగిన మర్నాటి నుంచి అమ్మ రెండు సిగ్డీలు అంటించేది. పొగ పోయాక ఒకటి ఆమె గడప దగ్గర పెట్టి, మాట్లాడకుండా వచ్చేసేది. అమ్మ ఆమెకు భయపడుతోందనుకుని నేను సిగ్గుపడ్డాను.

చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పమంటే అమ్మ ఎన్నడూ లేచేది కాదు. ఒక ఆదివారం, ఎన్నడూ చర్చికి రాని రాజవ్వ వెనక నుంచి లేచింది.

"నాకు మీ ప్రార్థన రాదు. గీ అక్క నెల సంది మా ఇంట్ల పొయ్యి ఆరనియ్యలే. గది చెప్దామనే వచ్చిన."

అమ్మ లేచి నిలబడింది. "పగోళ్లకు మేలు చెయ్యమని ప్రభువు చెప్పిండని అంటించిన గానీ, మొదట కోపం పోలే. రోజూ పొగ పోయేదాక ఆమె కోసం ఆ సిగ్డి కాడనే కూసున్న. కోపం ఎప్పుడు పోయిందో నాకే తెల్వలే."

నేను భయమనుకున్నది అమ్మ ధైర్యమా! అంత ధైర్యం కోసం నాలో ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను.