మా ఆయన తుపాకీ బేరం

మా అత్తయ్య చేతి గాజులు పోయింది మిట్టమధ్యాహ్నం. ఊరి బయట పోరంకి దాటాక కాలవ పక్కన కొత్తగా వేసిన లేఅవుట్లో మా ఇల్లు. చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఇంకా సగం కట్టినవే. ఆ సమయానికి నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. మా ఆయన ఆటోనగర్లో తన లేత్ షెడ్డులో ఉన్నారు. గ్యాస్ పొయ్యి చెక్ చేయాలంటూ ఇద్దరు మనుషులు వచ్చారు. అత్తయ్య వాళ్ళకు మంచినీళ్ళు కూడా ఇచ్చింది. నీళ్ళు తాగి, ఆవిడ చేతులకు సబ్బు రాసి మరీ నాలుగు బంగారు గాజులూ లాక్కుని, ఆవిడను వంటింట్లో పెట్టి బయట గడియ వేసి పోయారు.

బొడ్లో దోపుకున్న సెల్‌ఫోన్‌తో ఆవిడ కొడుక్కి ఏడుసార్లు చేసింది. లేత్ చప్పుడులో ఆయనకు వినపడలేదు. చివరికి నాకు చేస్తే, క్లాసు మధ్యలో వదిలేసి ఆటో ఎక్కాను.

ఆ ఏడు మిస్డ్ కాల్స్ గురించి మా ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వారం తరవాత కాఫీ తాగుతూ, "తుపాకీ కొంటాను" అన్నారు.

కోపంలో అన్నారనుకున్నాను. మర్నాడు లైసెన్సు దరఖాస్తు ఫారాలు వచ్చాయి. ఆ తరవాత డాక్టరు సర్టిఫికెట్, తుపాకీ పట్టుకోవడం నేర్చుకున్నట్టు ఇంకో సర్టిఫికెట్, ఇంట్లో ఎక్కడ భద్రపరుస్తారో రాసిచ్చే కాగితం. కరెంటు బిల్లు కట్టడానికి నాలుగుసార్లు గుర్తుచేయించుకునే మనిషి, వీటన్నిటికీ విడిగా ఒక ఫైలు కొన్నారు.

విచారణకు ఒక కానిస్టేబుల్ ఇంటికి వచ్చాడు. మా ఆయన పక్కనే కూర్చుని ఉండగా నన్ను అడిగాడు.

"సార్‌కి కోపం ఎక్కువాండీ?"

"కోపం లేదండీ. పంతం ఉంది."

"పంతానికి ఇందులో కాలమ్ లేదమ్మా" అని, కోపం లేదనే రాసుకుని వెళ్ళాడు.

ఏడాది పైనే పట్టింది లైసెన్సు రావడానికి. ఈలోగా ఆ పిచ్చి తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు సరికదా, లైసెన్సు వచ్చిన వారమే నన్ను వెంటబెట్టుకుని తుపాకుల షాపుకు వెళ్ళారు. నేనెందుకంటే, "నువ్వూ చూడాలిగా" అన్నారు, చీరల షాపుకు పిలిచినట్టు.

షాపాయన గడ్డం నెరిసిన ముస్లిం పెద్దాయన. వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ అదే వ్యాపారమట. ముందు పంప్ యాక్షన్ చూపించాడు, వరసగా నాలుగైదు తూటాలు పేలుస్తుందట. ధర వినగానే మా ఆయన దాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టేశారు. తరవాత రెండు గొట్టాల డబుల్ బ్యారెల్, అది కొంచెం తక్కువ. చివర్న సింగిల్ బ్యారెల్. ఒక్క గొట్టం, ఒక్క తూటా, అన్నిటికన్నా చవక.

మా ఆయన జేబులోంచి వెర్నియర్ తీశారు. ఇంజన్ భాగాలు కొలిచే సాధనం అది. షాపులో ఉన్న ప్రతి గొట్టాన్నీ కొలిచి, టార్చి వేసి లోపలికి చూసి, "దీని లోపలి బోరు సరిగ్గా రాలేదు భాయ్ గారూ", "ఇది మా షెడ్డులో అయితే వాపస్ పంపేస్తాం" అంటూ ఉంటే, నేను గోడకున్న క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. పెద్దాయన ఓపిగ్గా అన్నీ విన్నాడు.

"ఇంట్లో ఎవరుంటారు సార్?"

"పగలు మా అమ్మ ఒక్కతే. ఎప్పుడైనా మా ఆవిడ ఉంటుంది. తను కూడా నేర్చుకుంటుంది."

"మేడంగారు ముట్టుకోకూడదండీ. లైసెన్సు మీ పేరున ఉంది. మీరు తప్ప ఇంకెవరూ వాడకూడదు." గుడ్డతో తుపాకీ తుడుస్తూ అడిగాడు. "మధ్యాహ్నం పూట మీరు ఇంటి దగ్గర ఉంటారా?"

"ఉండను."

పెద్దాయన తుపాకీ తుడిచిన గుడ్డ మడత పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను ఊరుకోలేకపోయాను. "దొంగలు వచ్చింది మధ్యాహ్నం. మీరు వచ్చేది చీకటి పడ్డాక. ఆదివారం రమ్మని వాళ్ళకు కబురు పెడతారా?" అన్నాను. ఆయన హారన్ కొట్టారు. ముందు బండ్లేమీ లేవు.

తరవాతి ఆదివారం ఉయ్యూరు అవతల ఒక పల్లెకు ప్రయాణం. అక్కడొక రైతు తన పాత డబుల్ బ్యారెల్ తక్కువలో ఇచ్చేస్తాడని ఎవరో చెప్పారు. ఎనభై దాటిన పెద్దాయన. పందులు చేలో పడుతున్నాయని ఎప్పుడో కొన్నాడట. కాళ్ళు సహకరించక లైసెన్సు వదిలేసుకుంటున్నాడు. మా ఆయన అరుగు మీద కూర్చుని వెర్నియర్ తీశారు. నేను లోపలికి వెళ్ళి ఆ రైతు భార్య దగ్గర కూర్చున్నాను.

"కొనొద్దని చెప్పు అమ్మాయ్" అందావిడ, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. "అది వచ్చిన కాడి నుంచి మేమిద్దరం కలిసి ఒక్క పెళ్ళికి పోలేదు. ఇంట్లో వదిలేసి పోతే, ఎవడన్నా ఎత్తుకుపోతే, కేసు మన మీదే. ఎప్పుడూ ఎవరో ఒకరం దానికి కాపలా."

"ఎప్పుడూ వెళ్ళలేదా?"

"ఎలక్షన్లొస్తే దాన్ని స్టేషన్లో ఇచ్చి రావాలిగా. అప్పుడెళ్ళాం తిరపతి. ఎలక్షన్లెప్పుడా అని ఎదురు చూసేదాన్ని."

ఇదంతా కారులో మా ఆయనకు చెప్పాను. "గొట్టం లోపల తుప్పు గుంటలు పడ్డాయి" అన్నారాయన. అది ఒక్కటే ఆయన చెవికెక్కినట్టుంది. ఆ తుపాకీ వద్దనుకుని, చివరికి షాపులో అన్నిటికన్నా చవకైన ఆ సింగిల్ బ్యారెలే కొన్నారు.

దాని కోసం షెడ్డులో స్వయంగా ఇనప పెట్టె చేసి, అత్తయ్య గదిలో గోడకు బిగించారు. ఆ గదికే కిటికీ చిన్నది, దొంగ దూరలేడు. తూటాలు వేరే చోట. తాళంచెవి ఆయన మొలతాడుకు. అత్తయ్య ఒకసారి తెరిపించి చూసింది.

"దీంతో వాళ్ళని కాలుస్తావుట్రా?"

"బెదిరిస్తే చాలమ్మా. పారిపోతారు."

"నేనిచ్చిన నీళ్ళు తాగారు. అమ్మా అని పిలిచారు." పెట్టె తలుపు తనే మూసేసి, "నాకీ గదిలో నిద్ర పట్టదు" అంది. రెండు రోజుల్లో గుడివాడలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగితే చూద్దామంది.

ఇప్పుడు పగలంతా ఇంట్లో మనుషులు లేరు, తుపాకీ ఉంది. మా ఆయనకు కాలు నిలవలేదు. పన్నెండున్నర అయ్యేసరికి ఆటోనగర్ నుంచి బండేసుకుని వచ్చి, పెట్టె తాళం లాగి చూసి, ఎలాగూ వచ్చానని అన్నం తిని వెళ్ళేవారు. నాకు సెలవున్న రోజు ఇది చూశాను. ఆ రోజు తింటుండగానే అన్నాను.

"అత్తయ్య ఇక్కడ ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం భోజనానికి రమ్మని ఎన్నిసార్లో అడిగింది. పని ఉందన్నారు. ఒక్కపూట రాలేదు. ఈ ఇనప గొట్టం కోసం రోజూ వస్తున్నారు."

ఆయన ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నారు. అలా అనకుండా ఉండాల్సిందేమో అని నాకు సాయంత్రం దాకా అనిపించింది. కానీ ఏడాదిన్నరగా నా నోట్లో ఉన్న మాట అది.

రెండు రోజుల తరవాత తుపాకీని షాపు పెద్దాయన దగ్గరే భద్రపరచడానికి ఇచ్చి, రసీదు తీసుకుని, అటు నుంచి అటే గుడివాడ వెళ్ళారు. అక్కడ తల్లీ కొడుకూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. సాయంత్రానికి అత్తయ్య సంచీతో దిగింది. ఆ నెలలోనే వరండాకు ఇనప గ్రిల్లు, లోపలి నుంచి తీసే గడియ, వీధి గేటుకు గంట వచ్చాయి. అన్నీ ఆయన షెడ్డులో చేసినవే. మొత్తం ఖర్చు తుపాకీ ఖరీదులో పావు వంతు కూడా కాలేదు. గాజులు దొరకలేదు. అత్తయ్య ఇప్పుడు గ్రిల్లు వెనక కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. గ్యాస్ వాళ్ళనే కాదు, మా కాలేజీ ప్యూన్‌ను కూడా లోపలికి రానివ్వదు. మా ఆయన రోజూ ఒంటిగంటకు వస్తున్నారు.

మొన్న లైసెన్సు గడువు తీరబోతోందని రెన్యువల్ ఫారం తెచ్చి నా ముందు పెట్టారు, తన రాత ఎవరికీ అర్థం కాదని.

"ఇంకా ఎందుకండీ ఇది?"

"ఉండనీ. కష్టపడి తెచ్చుకున్నది."

వాదించే ఓపిక లేక పెన్ను తీసుకున్నాను.