మూకుడు ముందు దీక్ష

ఆ రోజుల్లో ఆకలి కడుపులో పుడుతుందని నమ్మేవాణ్ణి. నాకైతే అది ఎక్కడా పుట్టేది కాదు. సరూర్‌నగర్‌లోని మా ఇంట్లో అమ్మ కంచం పట్టుకొని "జర రెండు బుక్కలు తిను బిడ్డా" అని వెంటపడితే, పీయూసీ పుస్తకం అడ్డం పెట్టుకొని తప్పించుకునేవాణ్ణి. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద నిరాహార దీక్షల టెంటు వెలిసినప్పుడు, మా విద్యార్థి నాయకుడు మైకన్న (మైకు దొరికితే వదలడు) చూపు నా మీదే పడింది. "గీడు ఇంట్ల రోజూ చేసేది గదే గద. ఈనికంటె గట్టోడు ఎవడున్నడు?" అన్నాడు.

మెడలో బంతిపూల దండ వేసి పొద్దున్నే కూర్చోబెట్టారు. సాయంత్రం ఎవరో పెద్దమనిషి నిమ్మరసం ఇచ్చేదాకా నిలిస్తే వీరుణ్ణి, మధ్యలో లేస్తే బస్తీలో తలెత్తుకోలేను. ఎదురుగా మిర్చి బజ్జీల బండివాడు మూకుడు పెట్టేదాకా అంతా బాగానే ఉంది. నూనె చుయ్యిమనగానే, బుద్ధెరిగాక మొదటిసారి నా కడుపు నినాదాలు మొదలుపెట్టింది. మద్దతు తెలపడానికి వచ్చిన జనం నాకో దండం పెట్టి, బండి దగ్గరికి పోయి, పొట్లంతో తిరిగొచ్చి, నా ముందే నిలబడి నిండు నోటితో "తమ్మీ, ధైర్యంగుండు!" అనేవారు. (ఉల్లిపాయ ముక్కలు కూడా నంజుకున్నారు, పాపిష్టివాళ్ళు.)

"అన్నా, బండి జర అవతలికి జరుపుమను" అని మైకన్న చెవిలో బతిమాలాను.

"పాగల్ అయినవా? బండి పోతే పబ్లిక్ పోతది. పబ్లిక్ లేకుంటే నీ ఆకలి ఎవడు చూస్తడు?"

అంతలో అమ్మ చూడ్డానికి వచ్చింది. "ఆకలైతున్నదే అమ్మా" అన్నాను. ఆ మాట కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూసిందో, సంతోషం పట్టలేక ఏడ్చేసింది. కొడుకు త్యాగం చూసి ఏడుస్తోందనుకొని జనం జిందాబాద్ కొట్టారు. ఇక లేవడానికి మొహం చెల్లక, ఎలాగో నిమ్మరసం దాకా నిలిచాను.

తీరా ఇంటికొచ్చి వేడన్నం ముందు కూర్చుంటే ఒక్క ముద్ద దిగలేదు. దండ లేదు, జనం లేరు, నూనె చప్పుడు లేదు. అమ్మ మొహం వాడిపోయింది. పక్కింటి గుంటూరు పిన్నిగారు (పగలంతా టెంటులో మేం వెళ్ళిపొమ్మని అరిచింది ఈవిడ బాపతు వాళ్ళనే) గోడ మీంచి చూసి, "వాడికి ఆకలి లేక కాదు అక్కయ్యగారూ, ఎదురుగా ఊరించేవాళ్ళు లేక" అని తేల్చేశారు. మర్నాటి నుంచి అన్నం వేళకు బజ్జీల బండి మా గల్లీలోకి వచ్చేలా అమ్మ ఏర్పాటు చేసింది. పిన్నిగారు మా అరుగు మీద కూర్చొని బజ్జీ కొరుకుతూ "అబ్బబ్బ, ఏం కారమండీ!" అంటుంటే, లోపల నా కంచం ఖాళీ అయ్యేది.

ఇప్పుడు డాక్టరు తిండి తగ్గించమంటాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో అడుగుకో మూకుడు చుయ్యిమంటుంటే ఎట్లా తగ్గుతుంది? అక్కడ తిన్నది చాలక ఇంటికొచ్చి మళ్ళీ శుభ్రంగా తింటాను. అయినా కంచంలో రెండు బుక్కలు మిగిల్చి కాసేపు కూర్చుంటాను, ఎవరైనా బతిమాలతారేమోనని.